స్టేబుల్‌ఫోర్డ్ స్కోరు లెక్కపెట్టడం ఎలా? ముందు మీ సొంత పార్ రాసుకోండి

గోల్ఫ్ మొదలుపెట్టిన కొన్నాళ్లకు ఎవరో ఒకరు మిమ్మల్ని టోర్నమెంట్‌కి పిలుస్తారు. వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది, అందులో టీ టైమ్ (ఆట మొదలయ్యే వేళ), ఎంట్రీ ఫీజు, డ్రెస్ సంగతి అన్నీ చెప్పాక చివర్లో "ఫార్మాట్: స్టేబుల్‌ఫోర్డ్" అని ఒక్క ముక్క ఉంటుంది. టెన్షన్ అక్కడ మొదలవుతుంది. పార్ అంటే తెలుసు, బోగీ అంటే తెలుసు, కానీ ఈ పాయింట్లు ఎవరు వేస్తారు, మన ఆట స్థాయిని చెప్పే అంకె, హ్యాండిక్యాప్, ఎప్పుడు తీసెయ్యాలి, ఆఖర్లో మొత్తం మీదా లేక ఒక్కో హోల్ దగ్గరా? చాలామంది ఇవేవీ అడగరు. పక్కవాళ్లు ఎంత చెబితే అంత రాసుకుంటూ పద్దెనిమిది హోల్స్ ఆడేసి వస్తారు. మీరు అలా ఆడకండి. ఒక అరగంట కూర్చుంటే వచ్చే లెక్క ఇది, వచ్చాక మీరు ఒక్కో హోల్‌ని చూసే తీరే మారుతుంది.

ఒక చిన్న ఏర్పాటు చేసుకుందాం. మీరు కొట్టినదాన్ని నేను షాట్ అంటాను, హ్యాండిక్యాప్ వల్ల మీకు దక్కే రాయితీని స్ట్రోక్ అంటాను. ఈ రెండూ కలిసిపోవడం వల్లే కొత్తవాళ్లకు సగం గందరగోళం.

అసలు పాయింట్లు ఎలా వస్తాయంటే

మామూలు స్ట్రోక్ ప్లేలో షాట్లన్నీ కూడతారు, తక్కువ వచ్చినవాళ్లు గెలుస్తారు. స్టేబుల్‌ఫోర్డ్‌లో తిరగేసి చూడాలి, ఎక్కువ పాయింట్లు వచ్చినవాళ్లదే గెలుపు. ఒక హోల్‌కి ఇన్ని షాట్లని పెట్టిన లెక్కే పార్, అది కొడితే 2 పాయింట్లు. పార్ కంటే ఒకటి తక్కువలో ముగిస్తే, అంటే బర్డీకి, 3. రెండు తక్కువైతే, ఈగిల్‌కి, 4, మూడు తక్కువైతే, ఆల్బట్రాస్‌కి, 5. పార్ కంటే ఒకటి ఎక్కువైతే, బోగీకి, 1. రెండు ఎక్కువై డబుల్ బోగీ అయినా, దానికి మించి ఎంత పోయినా 0. సున్నా కంటే కిందికి పోదు, మైనస్ అనేది లేదు. ఈ ఆట ఆకర్షణంతా ఆ సున్నాలోనే ఉంది.

ఎందుకో తెలియాలంటే దీన్ని కనిపెట్టిన మనిషి సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఫ్రాంక్ బార్నీ గోర్టన్ స్టేబుల్‌ఫోర్డ్ ఒక సర్జన్, సైన్యంలో కూడా డాక్టరుగా పనిచేశారు. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్‌కి ఎదురుగా, నదికి అవతలి ఒడ్డున వాలసీ అనే ఊరుంది, అక్కడి గోల్ఫ్ క్లబ్బులో ఆడేవారు. సముద్రం పక్కన ఇసుక దిబ్బల మీద కోర్సు, గాలి అంతా ఇంతా కాదు. ఎదురుగాలిలో పొడవాటి పార్ 4 హోల్స్ దగ్గర రెండు షాట్లలో గ్రీన్ (జెండా ఉండే నున్నటి గడ్డి) చేరలేక, మొదట్లోనే ఒక పెద్ద అంకె పడి, ఆ తర్వాత ఎంత బాగా ఆడినా లాభం లేక జనం కార్డులు చింపేసుకుని వెళ్లిపోయేవాళ్లు. ఒక్క చెడ్డ హోల్‌కి రోజంతా బలి కాకూడదని ఆయన ఈ పద్ధతి తయారుచేశారు. పాయింట్ల ఆలోచనను 1898లోనే వేల్స్‌లోని గ్లామోర్గన్‌షైర్ క్లబ్బులో ఒకసారి ప్రయత్నించి చూశారు. ఇప్పుడు మనం ఆడే రూపంలో మొదటి పోటీ మాత్రం 1932 మే 16న వాలసీలో జరిగింది. ఆ డాక్టరు గారి పుణ్యమా అని ఈరోజు మీరు నాలుగో హోల్‌లో తొమ్మిది కొట్టినా ఐదో టీ దగ్గర, అంటే ఆ హోల్ మొదలుపెట్టే చోట, నిబ్బరంగా నిలబడొచ్చు.

సరే, లెక్కలోకి వెళ్దాం.

మొదటి పని: ఆ రోజుకి మీ హ్యాండిక్యాప్ ఎంతో తేల్చుకోండి

ఇది ఇంటి దగ్గరే, ముందురోజు రాత్రే చేసేయండి. మీ యాప్‌లో కనిపించేది హ్యాండిక్యాప్ ఇండెక్స్, దశాంశంతో ఉంటుంది, 20.4 అనుకుందాం. ఆ అంకె పట్టుకుని నేరుగా ఆడకూడదు, ఎందుకంటే అది మీ సామర్థ్యం మాత్రమే చెబుతుంది, మీరు ఆడబోయే కోర్సు ఎంత కష్టమో దానికి తెలియదు. 2020లో ప్రపంచమంతటికీ ఒకే హ్యాండిక్యాప్ విధానం వచ్చాక ఈ మార్పిడి దాదాపు అన్నిచోట్లా ఒకటే అయింది. గోల్కొండ నయా ఖిల్లా లోపలి కోర్సులో ఆడినా, విశాఖలో ఆడినా, డాలస్‌లో బావగారితో కలిసి ఆడినా సూత్రం ఇదే, ఫలితం మాత్రం కోర్సును బట్టి, మీరు ఏ రంగు టీల నుంచి కొడుతున్నారన్నదాన్ని బట్టి మారుతుంది.

సూత్రం ఇది: మీ ఇండెక్స్‌ని ఆ టీల స్లోప్ రేటింగ్‌తో (మామూలు ఆటగాళ్లకి కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) గుణించి 113తో భాగించండి. వచ్చినదానికి కోర్స్ రేటింగ్ (సున్నా హ్యాండిక్యాప్ ఆటగాడికి పడే షాట్ల అంచనా) లోంచి పార్ తీసేస్తే మిగిలేది కలపండి. మామూలు కష్టం ఉన్న కోర్సుకి స్లోప్ 113 అని పెట్టుకున్నారు కాబట్టి ఆ అంకె. స్లోప్, రేటింగ్ రెండూ కార్డు మీద గానీ మొదటి టీ దగ్గర బోర్డు మీద గానీ ఉంటాయి.

ఉదాహరణకు స్లోప్ 126, కోర్స్ రేటింగ్ 71.2, పార్ 72 అనుకోండి. 20.4ని 126తో గుణించి 113తో భాగిస్తే 22.75. కోర్స్ రేటింగ్ పార్ కంటే 0.8 తక్కువ కాబట్టి అది తీసేయాలి, 21.95 మిగిలింది. ఇది మీ కోర్స్ హ్యాండిక్యాప్. వ్యక్తిగత స్టేబుల్‌ఫోర్డ్‌కి ఇందులో 95 శాతం తీసుకోమని సిఫారసు ఉంది, అలా తీసుకుంటే 20.85, అంటే దగ్గరి పూర్తి సంఖ్య 21. ఆ రోజు మీరు 21 హ్యాండిక్యాప్‌తో ఆడుతున్నట్టు.

ఇక్కడొక జాగ్రత్త. కొన్ని టోర్నమెంట్లలో "ఫుల్ హ్యాండిక్యాప్" అంటారు, కొన్నింట్లో నాలుగింట మూడు వంతులే ఇస్తారు, కొన్నింట్లో ఎవరికీ 24 దాటి ఇవ్వమని పైపరిమితి పెడతారు. నిర్వాహకులు ఏం పెట్టారో అదే ఆ రోజుకి చట్టం. మెసేజ్‌లో లేకపోతే ఫోన్ చేసి అడగండి, మొహమాటం వద్దు.

రెండో పని: స్ట్రోకులు ఏయే హోల్స్‌లో వస్తాయో చుక్కలు పెట్టండి

కార్డు తీసి చూడండి, ప్రతి హోల్ పక్కన పార్‌తో పాటు ఇంకో అంకె ఉంటుంది, 1 నుంచి 18 దాకా, వరుసగా కాకుండా కలగాపులగంగా. అదే స్ట్రోక్ ఇండెక్స్. మీ 21 స్ట్రోకులు ఏ హోల్స్‌లో వాడుకోవాలో చెప్పేది అదే. 1 అని ఉన్న హోల్‌లో మొదటి స్ట్రోక్, 2 అని ఉన్నచోట రెండోది, అలా పద్దెనిమిది దాకా పంచాలి. ఇంకా మిగిలితే మళ్లీ 1 నుంచి మొదలుపెట్టాలి.

మీకు 12 ఉంటే ఇండెక్స్ 1 నుంచి 12 దాకా ఉన్న హోల్స్‌లో ఒక్కొక్కటి, మిగతా ఆరింటిలో ఏమీ లేదు. మన ఉదాహరణలో 21 కాబట్టి అన్ని హోల్స్‌కీ ఒక్కొక్కటి పోగా మూడు మిగిలాయి, అవి ఇండెక్స్ 1, 2, 3 ఉన్న హోల్స్‌కి. అక్కడ మీకు రెండేసి. హ్యాండిక్యాప్ 40 ఉన్నవాళ్లకి అన్నిచోట్లా రెండేసి, 1 నుంచి 4 దాకా మూడేసి. హ్యాండిక్యాప్ ప్లస్‌లో ఉన్న గట్టి ఆటగాళ్లు ఎదురు ఇవ్వాలి, ప్లస్ 2 అయితే ఇండెక్స్ 18, 17 హోల్స్‌లో ఒక్కోటి కోల్పోతారు.

పెన్సిల్‌తో ఆ గళ్ల మూలలో చుక్కలు పెట్టుకోండి, ఒక స్ట్రోక్‌కి ఒక చుక్క, రెండైతే రెండు. దీన్ని మొదటి టీకి వెళ్లకముందే, కార్ పార్కింగ్‌లోనో టిఫిన్ దగ్గరో పూర్తి చేయండి. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నేను ఆడిన తొలి టోర్నమెంట్లలో ఒకదానిలో చుక్కలు పెట్టలేదు. నాకు 20 వచ్చింది, ఇండెక్స్ 2 హోల్‌లో రెండు స్ట్రోకులున్నాయన్న సంగతి ఆట హడావిడిలో మర్చిపోయి ఒకటే లెక్కేసుకున్నాను. స్కోర్లు తీసుకునే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు నేను రాసిన పాయింట్లు రాసినట్టే ఎక్కించుకున్నారు. రాత్రి ఇంట్లో కార్డు ఫొటో చూస్తుంటే తెలిసింది, ఒక పాయింటు తక్కువ రాసుకున్నాను, ఆ ఒక్క పాయింటుతోనే మూడో బహుమతి పోయింది. బహుమతి కంటే, ఆ హోల్‌లో చెట్ల మధ్యనుంచి కష్టపడి బయటపడి తెచ్చుకున్న పాయింటు లెక్కలో లేకుండా పోయిందే అని చాలా రోజులు బాధపడ్డాను. అప్పటినుంచి చుక్కలు పెట్టకుండా టీ ఎక్కలేదు.

మూడో పని: మీ సొంత పార్ రాసుకోండి

ఇక్కడ రెండు దారులున్నాయి. కొందరు షాట్లలోంచి స్ట్రోక్ తీసేసి నెట్ స్కోరు కట్టి, దాన్ని పార్‌తో పోల్చి, పట్టిక గుర్తుచేసుకుని పాయింట్లు వేస్తారు. తప్పేం లేదు, కానీ ఒక్కో హోల్‌కి మూడు మెట్లు, ఎండలో, పక్కన నలుగురు మాట్లాడుతుంటే ఎక్కడో ఒకచోట కాలు జారుతుంది. నేను చెప్పేది ఒకే మెట్టు.

హోల్ పార్‌కి మీ చుక్కలు కలపండి. అది ఆ హోల్‌లో మీ సొంత పార్. పార్ 4, ఒక చుక్క అయితే మీకు 5. పార్ 5, రెండు చుక్కలైతే 7. పద్దెనిమిదింటికీ ఇలా రాసేసుకోండి. ఇక హోల్ అయ్యాక లెక్క ఒక్కటే: సొంత పార్‌లో ముగించారా, 2. అంతకంటే ఎన్ని తక్కువలో ముగిస్తే అన్ని పాయింట్లు ఎక్కువ. ఒకటి ఎక్కువైతే 1. రెండు ఎక్కువైతే సున్నా. హ్యాండిక్యాప్ గురించి ఇక ఆలోచించక్కర్లేదు, అది ముందే కలిసిపోయింది.

కార్డు మీద కొట్టిన షాట్లు రాసే గడి వేరు, పాయింట్ల గడి వేరు. సొంత పార్ అంకెని చిన్నగా, అంచున రాయండి, అది స్కోరుతో కలిసిపోతే పెద్ద చిక్కు. అదీ కాక రోజు మధ్యలో కార్డు చేతి చెమటకో మంచుకో తడుస్తుంది, గట్టిగా రాయండి.

ఇప్పుడు తొమ్మిది హోల్స్ కలిసి ఆడదాం

అదే 21 హ్యాండిక్యాప్. మొదటి హోల్ పార్ 4, ఇండెక్స్ 9, ఒక చుక్క, సొంత పార్ 5. ఇంకా ఒళ్లు వేడెక్కలేదు, మూడు పట్‌లు (గ్రీన్ మీద బాల్‌ని దొర్లించే షాట్లు) పడ్డాయి, మొత్తం 6. ఒకటి ఎక్కువ, 1 పాయింటు.

రెండోది పార్ 5, ఇండెక్స్ 3, రెండు చుక్కలు, సొంత పార్ 7. ఏడు షాట్లే కొట్టారు. స్ట్రోక్ ప్లేలో డబుల్ బోగీ అని తల పట్టుకునే స్కోరు, ఇక్కడ నిండుగా 2 పాయింట్లు.

మూడోది పార్ 3, ఇండెక్స్ 17. అతి తేలిక హోల్స్‌లో ఒకటి, అయినా 21 ఉన్నవాళ్లకి అక్కడా ఒక చుక్క ఉంటుంది, సొంత పార్ 4. టీ నుంచి గ్రీన్ మీద పడింది, రెండు పట్‌లు, మొత్తం 3. సొంత పార్ కంటే ఒకటి తక్కువ, 3 పాయింట్లు. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు, "పార్ కొట్టాను, 2" అని రాసేస్తారు. మీ చుక్క మీ హక్కు.

నాలుగోది కాస్త నిదానంగా చూడాలి. పార్ 4, ఇండెక్స్ 1, రెండు చుక్కలు, సొంత పార్ 6. డ్రైవ్ కుడివైపు చెట్లలోకి పోయింది, ఒకటి. అడ్డంగా ఫెయిర్‌వే మీదికి తెచ్చుకున్నారు, రెండు. మూడోది నీళ్లలో పడింది. పెనాల్టీ ఒకటి, అది నాలుగు. డ్రాప్ చేసి కొట్టినది ఐదు, గ్రీన్ ముందు ఆగింది. చిప్ ఎక్కువై బంకర్‌లో పడింది, ఆరు. బంకర్‌లోంచి లేవలేదు, ఏడు. ఇప్పుడు ఆగి ఆలోచించండి. సొంత పార్ 6, అంటే ఒక్క పాయింటు రావాలంటే ఏడో షాట్ హోల్‌లో పడి ఉండాలి. ఏడు అయిపోయాయి, బాల్ ఇంకా ఇసుకలో ఉంది. ఇక ఎనిమిదిలో పడినా సున్నా, పదమూడులో పడినా సున్నా. బాల్ తీసి జేబులో వేసుకోండి, రేక్‌తో ఇసుక సర్దేయండి, 0 రాసి ముందుకు నడవండి. మీ స్కోరు రాసే మార్కర్‌కి "తీసేశాను" అని ఒక మాట చెబితే చాలు.

అయిదోది పార్ 4, ఇండెక్స్ 11, సొంత పార్ 5, అయిదు కొట్టారు, 2. ఆరోది పార్ 4, ఇండెక్స్ 7, సొంత పార్ 5, ఆరు కొట్టారు, 1. ఏడోది పార్ 3, ఇండెక్స్ 15, సొంత పార్ 4, అయిదు, 1. ఎనిమిదోది పార్ 5, ఇండెక్స్ 13, సొంత పార్ 6, అయిదే కొట్టారు, 3. తొమ్మిదోది పార్ 4, ఇండెక్స్ 5, సొంత పార్ 5, అయిదు, 2.

కూడండి: 1, 2, 3, 0, 2, 1, 1, 3, 2. మొత్తం 15. నాలుగో హోల్‌లో అంత గొడవ జరిగినా తొమ్మిది హోల్స్‌కి 15 అంటే ఫర్వాలేదు, ఆట చేతిలోనే ఉంది.

బాల్ ఎప్పుడు తీసెయ్యాలి

దీని మీద విడిగా చెప్పాలనిపిస్తుంది, ఎందుకంటే మన దగ్గర కొత్తవాళ్లు ఇది సిగ్గు అనుకుంటారు. ఎలాగైనా హోల్‌లో వేసి తీరాలని తొమ్మిది, పది దాకా కొడుతూ ఉంటారు, వెనక రెండు గ్రూపులు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంటాయి. పాయింటు రాదని తేలాక ఆపేయమని గోల్ఫ్ రూల్సే ప్రోత్సహిస్తున్నాయి. గుర్తు చాలా తేలిక: సొంత పార్‌కి ఒకటి కలపండి, అదే మీ ఆఖరి అవకాశం. ఆ షాట్ హోల్‌లో పడకపోతే బాల్ తీసేయండి.

దీనికి రెండోవైపు కూడా ఉంది. పాయింటు వచ్చే అవకాశం ఉన్నంతసేపు మాత్రం వదలకండి. పార్ 4 హోల్‌లో ఆరు కొట్టేసి గ్రీన్ మీద నాలుగడుగుల పట్ మిగిలితే "ఏడు, ఛీ" అని బాల్ ఎత్తేసేవాళ్లని చూశాను. చుక్కలు రెండు ఉంటే ఆ పట్ విలువ ఒక పాయింటు. నా బ్యాగ్ మోస్తూ తరచూ వచ్చే కేడీ ఒకతనికి ఈ లెక్క నాకంటే వేగంగా తడుతుంది. చిరాకుతో బాల్ తీయబోతుంటే "ఆగండి సార్, ఇక్కడ మీకు రెండున్నాయ్, ఇది పడితే ఒకటొస్తది" అంటాడు, లైన్ చూపిస్తాడు. అలాంటి పాయింట్లు ఒక రౌండ్‌లో రెండు మూడు ఉంటాయి.

సొంత పార్ చూసుకుంటూ ఆడితే ధైర్యం ఎక్కడ చూపాలో, ఎక్కడ తగ్గాలో కూడా తెలుస్తుంది. పార్ 4లో మీకు 6 ఉందంటే రెండో షాట్‌లో నీళ్ల మీదుగా కొట్టాల్సిన అవసరమే లేదు. ముందు ఆపుకుని, మూడో షాట్‌లో గ్రీన్ చేరి, రెండు పట్‌లు వేస్తే 5, చేతిలో 3 పాయింట్లు. అదే ఒక్క చుక్కే ఉన్న తేలిక పార్ 3లో, బాల్ గ్రీన్‌కి కొంచెం దూరంలో ఉంటే తెగించి జెండా వైపు కొట్టొచ్చు, పోతే పోయేది మహా అయితే ఒకటో రెండో పాయింట్లు.

మొత్తం సరిపోయిందో లేదో చూసుకునే కిటుకు

రౌండ్ అయ్యాక ఒక నిమిషం పడుతుంది, తప్పకుండా చేయండి. మీ సొంత పార్‌లన్నీ కూడండి, దానికి 36 కలపండి, అందులోంచి మీరు కొట్టిన మొత్తం షాట్లు తీసేయండి. మిగిలింది మీ పాయింట్లు కావాలి. మన ఉదాహరణలో పార్ 72, స్ట్రోకులు 21, కలిపితే 93, దానికి 36 కలిపితే 129. మొదటి తొమ్మిదిలో 50 షాట్లు, రెండో తొమ్మిదిలో 45 అనుకుందాం, మొత్తం 95. 129లోంచి 95 పోతే 34. మొదటి తొమ్మిదిలో 15, రెండో తొమ్మిదిలో 19, సరిపోయింది.

బాల్ తీసేసిన హోల్ ఉంటే ఈ తనిఖీ కోసం మాత్రం అక్కడ సొంత పార్‌కి రెండు కలిపి వేసుకోండి, పైన 50 షాట్లలో నాలుగో హోల్‌కి 8 వేసింది అందుకే. పది కొట్టి ముగించినా తనిఖీలో 8 అనే లెక్కపెట్టాలి. హ్యాండిక్యాప్ యాప్‌లో స్కోరు ఎక్కించేటప్పుడు కూడా ఒక హోల్‌కి ఇలాంటి గరిష్ఠ పరిమితే ఉంటుంది, దాన్ని నెట్ డబుల్ బోగీ అంటారు. తొమ్మిది హోల్సే ఆడితే 36 బదులు 18 కలపాలి, అంతే.

ఆ 36 అనే అంకెకి ఇంకో అర్థం ఉంది. పద్దెనిమిది హోల్స్‌లో సొంత పార్ కొడితే వచ్చేది సరిగ్గా 36, అంటే మీ హ్యాండిక్యాప్‌కి తగ్గట్టు ఆడినట్టు. అలాగని ప్రతిసారీ 36 రావాలని ఆశ పెట్టుకోకండి. ఇండెక్స్ అనేది మీ చివరి 20 రౌండ్లలో మంచివి 8 తీసుకుని కట్టిన సగటు, అంటే మీ మంచి రోజుల కొలత. మామూలు రోజున 30, 32, 34 రావడం సహజం, 36 వస్తే మంచి ఆట, 40 దాటితే ఆ సాయంత్రం ఫోన్లు వస్తాయి.

పేరు కొంచెం మారితే లెక్కా మారుతుంది

మెసేజ్‌లో స్టేబుల్‌ఫోర్డ్ ముందు "మోడిఫైడ్" అని ఉంటే పైన చెప్పిన పాయింట్లు పనికిరావు. అమెరికాలో ప్రొఫెషనల్ పోటీలు నడిపే పీజీఏ టూర్ వాళ్ల బరాకుడా ఛాంపియన్‌షిప్‌లో ఆడింది అదే: ఆల్బట్రాస్‌కి 8, ఈగిల్‌కి 5, బర్డీకి 2, పార్‌కి 0, బోగీకి మైనస్ 1, డబుల్ బోగీ, ఆపైన మైనస్ 3. తెగించి ఆడేవాళ్లకి లాభం వచ్చేలా పెట్టినది, మనలాంటివాళ్లం ఆడితే మైనస్‌లే మిగులుతాయి. అంతకుముందు కొలరాడోలో 1986 నుంచి 2006 దాకా జరిగిన ఇంటర్నేషనల్ టోర్నమెంట్‌లో కూడా ఇలాంటి లెక్కే నడిచింది.

ఇద్దరు కలిసి జట్టుగా ఆడే ఫోర్‌బాల్ స్టేబుల్‌ఫోర్డ్‌లో ప్రతి హోల్‌కి ఇద్దరిలో ఎవరి పాయింట్లు ఎక్కువైతే అవే జట్టువి, అక్కడ సాధారణంగా కోర్స్ హ్యాండిక్యాప్‌లో 85 శాతమే తీసుకుంటారు. మీ పార్ట్‌నర్ ముందే 3 పాయింట్లు ఖాయం చేసుకుంటే, మీకు 4 వచ్చే దారి లేకపోతే మీరు బాల్ తీసేయొచ్చు.

ఇక కంపెనీ అవుటింగ్‌లలో వినిపించేది సిస్టమ్ 36. హ్యాండిక్యాప్ లేనివాళ్లకి ఆ రోజుకి ఒకటి కట్టే పద్ధతి అది. చుక్కలు లేకుండా, కోర్సు పార్ మీదే, పార్‌కి గానీ అంతకంటే మంచి స్కోరుకి గానీ 2, బోగీకి 1, మిగతావాటికి 0 వేసి, ఆ మొత్తాన్ని 36లోంచి తీసేస్తారు. వచ్చినది ఆ రోజు హ్యాండిక్యాప్, దాన్ని కొట్టిన షాట్లలోంచి తీసేస్తే నెట్ స్కోరు. చూడటానికి స్టేబుల్‌ఫోర్డ్ లాగే ఉంటుంది కానీ అక్కడ తక్కువ నెట్ స్కోరు గెలుస్తుంది. రెండింటినీ కలిపేసి గొడవ పడినవాళ్లని చూశాను కాబట్టి చెబుతున్నాను.

కార్డు ఇచ్చే ముందు

మీ కార్డు మీరు రాసుకోరు, మీతో ఆడే ఇంకొకరు మార్కర్‌గా రాస్తారు, మీరు వాళ్లది రాస్తారు. అందుకే మీ చుక్కలు, సొంత పార్‌లు ఇంకో ఖాళీ కార్డు మీద మీ దగ్గర ఉంచుకుంటే మేలు. ఆఖరి హోల్ అయ్యాక ఇద్దరూ నీడలో కూర్చుని హోల్ తర్వాత హోల్ చదువుకోండి, "మొదటిది ఆరు, రెండోది ఏడు" అని పైకే. నీళ్లలో పడిన పెనాల్టీ, బౌండరీ దాటి మళ్లీ కొట్టిన షాట్, ఇవే ఎక్కువగా మర్చిపోయేవి. రూల్ ప్రకారం పాయింట్లు, హ్యాండిక్యాప్ లెక్క నిర్వాహకుల బాధ్యత, ప్రతి హోల్‌లో కొట్టిన షాట్ల అంకె మాత్రం మీ బాధ్యత. కొట్టినదానికంటే తక్కువ రాసి సంతకం పెడితే పోటీలోంచి తీసేయొచ్చు. ఎక్కువ రాస్తే ఆ ఎక్కువే నిలుస్తుంది, తర్వాత సరిచేయరు. అయినా పాయింట్లు కూడా మీరు కట్టుకుని వెళ్లండి, బల్ల దగ్గర వాళ్లు చెప్పిన మొత్తానికీ మీదానికీ తేడా వస్తే అక్కడికక్కడే, బహుమతులు ప్రకటించకముందే, మర్యాదగా అడగండి, మీ చుక్కల కార్డు చూపించండి.

ఇద్దరికి సమానంగా వస్తే చాలాచోట్ల కౌంట్‌బ్యాక్ చూస్తారు. రెండో తొమ్మిదిలో ఎవరికి ఎక్కువ పాయింట్లు వచ్చాయో చూస్తారు, అవీ సమానమైతే చివరి ఆరు హోల్స్, తర్వాత చివరి మూడు, ఆఖరికి పద్దెనిమిదో హోల్. మన ఉదాహరణలో మీకు 15, 19 కలిపి 34, ఇంకొకరికి 18, 16 కలిపి అదే 34 వచ్చిందనుకోండి, రెండో తొమ్మిదిలో మీవి ఎక్కువ కాబట్టి మీరే పైన.